పసిబిడ్డకు మత్తు ఇచ్చునప్పుడు
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగము)



రోడ్లు, మంచినీటి కుళాయిలు, వీధి దీపములు, పన్నుల వసూళ్ళు ప్రతి నెల మీ సమావేశములలో చర్చకు వచ్చు విషయములు. నేడు మేము ఎత్తుకొన్న విషయము మీ కార్యక్రమ పట్టికలో ఎన్నడును కానరాదు. అయినను అది మీ గడపకు రాక మానదు. ఒకనాటి రాత్రి ఊరిలోని యువకుడొకడు ప్రెసిడెంటుగారి అరుగుపై వచ్చి కూర్చుండును. “బాబుకి తలలో నీరు చేరిందంటండి. పట్నంలో మెదడు ఆపరేషను చెయ్యాలంటున్నారు. ఆరు నెలల పసిగుడ్డుకి మత్తు ఇస్తే మళ్ళీ లేస్తాడాండీ?” అని అడుగును.

ఆ క్షణమున అతనికి సమాధానము చెప్పవలసినవారు మీరే. వైద్యుడు పట్నములో ఉన్నాడు, అరుగుపై ఉన్నది మీరు. “నిదానించి చూడు, అంత చిన్నబిడ్డకు మత్తు పనికిరాదు” అని మీరన్నచో ఆ కుటుంబము నెల దినములు ఆగును. “రేపే బయలుదేరు, మేము తోడు వత్తుము” అన్నచో రేపే బయలుదేరును. మీ నోటి మాట బిడ్డ భవిష్యత్తును నిర్ణయించును గనుక, ఆ మాట తెలిసి చెప్పుట మీ ధర్మము.

మేము వైద్యులము కాము, ప్రచారశాఖవారము. వైద్యుల యొద్ద కూర్చుండి తెలిసికొన్నదానిని మీ భాషలో విన్నవించుటయే మా పని. మేము చెప్పదలచినది ఒక్కటే. మత్తును గురించిన భయము అర్థము లేనిది కాదు. అయితే ఆ భయముచేత చేయు ఆలస్యము మత్తుకంటె ప్రమాదకరము. మత్తును నిరపాయకరము చేయుటలో సగము పని వైద్యునిదైనచో, మిగిలిన సగము ఇంటివారిది, ఊరివారిది.

తలలో నీరు చేరుట

మెదడు లోపల చిన్న గదులు కలవు. వానిలో స్వచ్ఛమైన నీటివంటి ద్రవము ఎల్లప్పుడును ఊరుచుండును. పెద్దవారిలో రోజునకు సుమారు అర లీటరు ఊరి, మెదడు చుట్టును వెన్నుపాము చుట్టును ప్రవహించి, తిరిగి రక్తములో కలిసిపోవుచుండును. తూము పూడుకొనిపోయినచో చేలో నీరు నిలిచి పైరు కుళ్ళును. అట్లే ఈ ద్రవము పోవు దారి మూసుకొనిపోయినచో గదులు ఉబ్బి మెదడును లోపలినుండి ఒత్తును. పసిబిడ్డ పుర్రె ఎముకలు ఇంకను అతుకుకొని యుండవు గనుక తల పెరుగనారంభించును.

కొందరు బిడ్డలు ఈ లోపముతోనే పుట్టుదురు. వెన్నుపై తిత్తితో పుట్టిన బిడ్డలలో ఇది తరచుగా కనిపించును. నెలలు నిండక పుట్టిన బిడ్డకు మెదడులో రక్తము కారుటవలనను, మెదడు పొరలకు వాపు వచ్చి తగ్గిన పిమ్మటను కూడ ఇట్లు కావచ్చును.

దీనిని గుర్తించుటకు పెద్ద యంత్రములు అక్కరలేదు, దర్జీ కొలబద్ద వంటి టేపు చాలును. నెలలు నిండి పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సాధారణముగా 33 మొదలు 37 సెంటీమీటర్ల వరకు ఉండును. మొదటి మూడు నెలలలో నెలకు సుమారు 2 సెంటీమీటర్లు, తరువాతి మూడు నెలలలో నెలకు 1 సెంటీమీటరు, పిదప ఏడాది నిండువరకు నెలకు అర సెంటీమీటరు పెరుగును. ఇంతకంటె వేగముగా పెరిగినను, మాడు ఉబ్బి గట్టిగా తగిలినను, తలపై నరములు తేలినను, కనుగ్రుడ్లు క్రిందికి దిగినట్లు కనిపించినను, బిడ్డ పదే పదే వాంతి చేసికొనుచు మగతగా ఉన్నను ఆలసింపరాదు. మాడుకు ఆముదము పెట్టుటవలన లోపలి నీరు తగ్గదు. దిష్టి తీయుటవలనను తగ్గదు. వాతలు పెట్టుట బిడ్డను హింసించుటయే.

దీనికి చికిత్స శస్త్రచికిత్సయే. మెదడు గదిలోనుండి చర్మము క్రిందుగా కడుపులోనికి సన్నని గొట్టమును వేసి నీటిని మళ్ళింతురు. ఆ గొట్టమును షంటు అందురు. 1956లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జాన్ హోల్టర్ అను యంత్ర పనివాడు, తన కుమారునికి ఈ వ్యాధి యుండుటచేత, యూజీన్ స్పిట్జ్ అను శస్త్రవైద్యునితో కూడి షంటుకు నమ్మదగిన కవాటమును తయారు చేసెను. ఒక తండ్రి ఆవేదననుండి పుట్టిన ఆ సాధనము లెక్కలేనంతమంది బిడ్డలను కాపాడినది. కొందరు బిడ్డలకు గొట్టము లేకుండ, సన్నని దుర్భిణితో లోపలనే క్రొత్త దారి చేయు పద్ధతియు నేడు కలదు. మన దేశమున 1949లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ జేకబ్ చాందీ, 1950లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో డాక్టర్ బి. రామమూర్తి మెదడు శస్త్రచికిత్స విభాగములకు పునాది వేసిరి.

చికిత్స ఎంత త్వరగా జరిగిన మెదడు అంతగా దక్కును. ఒత్తిడికి నలిగిపోయిన మెదడును తరువాత ఏ గొట్టమును తిరిగి తేలేదు.

భయము ఎక్కడినుండి వచ్చినది?

1846 అక్టోబరు 16న బోస్టను నగరములో విలియం మోర్టన్ అను దంతవైద్యుడు ఈథరు ఆవిరితో రోగికి స్పృహ తప్పించి, నొప్పి తెలియకుండ శస్త్రచికిత్స జరుగగలదని పదుగురి ఎదుట నిరూపించెను. మరుసటి సంవత్సరము ఎడింబరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫారమును వాడుకలోనికి తెచ్చెను. అయితే 1848 జనవరిలో ఇంగ్లండులోని న్యూకాజిల్ సమీపమున హన్నా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలిక కాలి వ్రేలి గోరు తీయించుకొనుటకై క్లోరోఫారము పీల్చి నిమిషములలో మరణించెను. మత్తును గూర్చిన భయము నాటినుండి లోకమున నిలిచినది. మన పల్లెలలోని ముసలివారి భయమును చూచి నవ్వరాదు. అది ఒకనాడు వైద్యులకు కూడ ఉండిన భయమే.

ఆ ప్రశ్నకు సమాధానము వెదకినవారిలో మన హైదరాబాదువారును కలరు. 1888లోను 1889లోను నిజాము ప్రభుత్వపు ఆర్థిక సహాయముతో, రెసిడెన్సీ వైద్యుడు ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యమున హైదరాబాదు క్లోరోఫారము కమిషనులు పనిచేసినవి. రెండవ కమిషనుకు లండనునుండి లాడర్ బ్రంటన్ వచ్చెను. మత్తులో ఉన్నవాని శ్వాసను కనిపెట్టి యుండవలెనని ఆ కమిషను గట్టిగా చెప్పినది. ఆ మాట నేటికిని సత్యమే. క్లోరోఫారము గుండెను నేరుగా ఆపదని కూడ అది చెప్పినది. ఆ మాట పొరపాటని 1911లో గుడ్‌మన్ లెవీ ప్రయోగములు తేల్చినవి. క్లోరోఫారము తరువాత వాడుకనుండి తొలగిపోయినది. ఆ హైదరాబాదు నగరమందే వైద్యము చదివి, క్లోరోఫారము ఇచ్చుటలో నేర్పు గడించిన డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచములోని తొలి మహిళా మత్తు వైద్యురాలుగా పలువురు పేర్కొందురు. మత్తు వైద్యము మనకు పరాయిది కాదని చెప్పుటకే ఈ సంగతి జ్ఞాపకము చేసితిమి.

పిల్లలకు మత్తునిచ్చుట వేరొక విద్యయని గుర్తించుటకు మరికొంత కాలము పట్టినది. న్యూకాజిల్‌లోనే ఫిలిప్ ఎయిర్ అను మత్తు వైద్యుడు ఉండెను. ఆయన గ్రహణపు మొర్రితో పుట్టినవాడు. పెద్దవారి పరికరములలోని కవాటములు పసిబిడ్డ బలహీనమైన ఊపిరికి భారమగుచున్నవని గ్రహించి, 1937లో ఏ కవాటమును లేని ఒక చిన్న మూడు నోళ్ళ గొట్టమును వాడుకలోనికి తెచ్చెను. మొర్రి ఆపరేషనులకును, మెదడు ఆపరేషనులకును ఆయన దానినే వాడెను. 1950లో లివర్‌పూల్‌లో జాక్సన్ రీస్ దానికి ఒక సంచిని తగిలించి, బిడ్డ ఊపిరిని వైద్యుడు తన చేతితో నడుపుటకు వీలు కల్పించెను. ఆ పరికరము ఇప్పటికిని పిల్లల ఆపరేషను గదులలో కనిపించును.

పసిబిడ్డ చిన్న మనిషి కాదు

పెద్దవాని మోతాదులో పదవ వంతు ఇచ్చినచో బిడ్డకు సరిపోవునని తలచుట పొరపాటు. బిడ్డ శరీరపు తీరే వేరు. నాలుగు విషయములు చూడుడు.

మొదటిది రక్తము. పసిబిడ్డకు కిలో బరువునకు సుమారు 80 మిల్లీలీటర్ల రక్తముండును. అయిదు కిలోల బిడ్డ ఒంటిలోని రక్తమంతయు 400 మిల్లీలీటర్లు, అనగా రెండు మంచినీళ్ళ గ్లాసులు. పెద్దవారి విషయమున లెక్కకు రాని 40 మిల్లీలీటర్లు ఈ బిడ్డకు పదవ వంతు. అందుచేత రక్తము నష్టమగు అవకాశమున్న మెదడు ఆపరేషనుకు ముందే రక్తమును సిద్ధపరచుకొందురు.

రెండవది ఊపిరి. బరువుతో పోల్చి చూచినచో పసిబిడ్డ పెద్దవానికంటె రెండింతలు ప్రాణవాయువును ఖర్చు చేయును. ఊపిరి ఆగినచో పెద్దవానికంటె చాల త్వరగా నీలబడును. గాలి గొట్టము ఇరుకైనది, పొట్టిది. దానిలో కొంచెము వాపు వచ్చినను, కొంచెము కళ్ళె అడ్డుపడినను దారి మూసికొనిపోవును. జలుబు, దగ్గు ఉన్న బిడ్డ సంగతి ముందుగా వైద్యునికి చెప్పవలెననుట ఇందుకే.

మూడవది వేడి. బిడ్డ శరీరములో తల పెద్ద భాగము. ఆపరేషను జరుగునది ఆ తలపైననే. ఒంటి వేడి తలనుండి త్వరగా పోవును. చల్లబడిన బిడ్డ మత్తునుండి ఆలస్యముగా తేరుకొనును, రక్తము సరిగా గడ్డకట్టదు. కావున గదిని, పరుపును, ఎక్కించు ద్రవములను వెచ్చగా నుంతురు.

నాలుగవది చక్కెర. పసిబిడ్డలో నిలువ తక్కువ. ఎక్కువ గంటలు పస్తుంచినచో రక్తములో చక్కెర పడిపోవును. అందుచేత పస్తు అవసరమే గాని, అతిగా పస్తు మంచిది కాదు.

ఆపరేషను గదిలో జరుగునది

శస్త్రవైద్యుడు మెదడును చూచుచుండగా, బిడ్డను చూచువాడు మత్తు వైద్యుడు. వాయువు పీల్పించియో, సూదిద్వారానో బిడ్డను నిద్రపుచ్చి, గాలి గొట్టములో మెత్తని గొట్టము నుంచి, ఊపిరిని తన అదుపులోనికి తీసికొనును. ఊపిరి సరిగా ఆడక ఒంటిలో బొగ్గుపులుసు వాయువు పెరిగినచో మెదడులోని రక్తనాళములు ఉబ్బును, తలలో ఒత్తిడి పెరుగును. ఊపిరిని అతిగా ఆడించినచో మెదడుకు రక్తము చాలదు. ఈ రెంటి నడుమ త్రాసు ముల్లువలె నిలుపుట మత్తు వైద్యుని నేర్పు. బిడ్డ దగ్గినను, గిలగిలలాడినను ఒత్తిడి పెరుగును గనుక నిద్ర చాలినంత లోతుగా ఉండవలెను. రక్తపోటు పడిపోరాదు గనుక అతి లోతుగానూ ఉండరాదు.

ఇందుకు సహాయముగా పరికరములు కలవు. 2020, 2021 సంవత్సరములలో కోవిడు వచ్చినప్పుడు మన ఆశా కార్యకర్తలు వ్రేలికి తగిలించిన ఆక్సీమీటరు మీ అందరకు తెలియును. జపానుకు చెందిన టకువో అవోయాగి 1970 దశకమున దాని సూత్రమును కనుగొనెను. ఆపరేషను గదిలో అది క్షణక్షణమును బిడ్డ రక్తములోని ప్రాణవాయువును చెప్పుచుండును. విడిచిన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును కొలుచు యంత్రము, గుండె గీతలు చూపు యంత్రము, రక్తపోటును, ఒంటి వేడిని తెలుపు సాధనములు దానికి తోడుండును. యంత్రములెన్ని యున్నను వైద్యుని కన్ను, చెవి, చేయి బిడ్డను విడువరాదు. ఆపరేషను ముగిసిన పిమ్మట కూడ, ముఖ్యముగా నెలలు నిండక పుట్టిన బిడ్డ విషయమున, ఊపిరి ఆగునేమోయని రేయంతయు కనిపెట్టి యుందురు.

ప్రమాదము బొత్తిగా లేదని మేము చెప్పము. పెద్దపిల్లలకంటె పసిబిడ్డలకు మత్తులో ప్రమాదము ఎక్కువ. అయితే పసిబిడ్డలకు తరచుగా మత్తునిచ్చు అనుభవముగల వైద్యులును, పిల్లల తీవ్ర చికిత్స విభాగమును ఉన్న ఆసుపత్రిలో ఆ ప్రమాదము తగ్గును. దగ్గరలో ఉన్నదని ఏదో ఒక నర్సింగు హోములో చేర్చుటకంటె కొంత దూరమైనను అట్టి ఆసుపత్రికి పంపుట మేలు.

మత్తువలన బుద్ధి మందగించునా?

ఈ ప్రశ్న చదువుకొన్న తల్లిదండ్రులు తరచుగా అడుగుచున్నారు. మూడేండ్ల లోపు పిల్లలకు మూడు గంటలకు మించి గాని, పలుమారులు గాని మత్తు ఇచ్చునప్పుడు జాగ్రత్త వహింపవలెనని 2016లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించినది. అయితే అవసరమైన చికిత్సను ఆ కారణముచేత ఆపరాదని కూడ ఆ సంస్థయే స్పష్టము చేసినది. ఏడు దేశములలో 722 మంది శిశువులపై జరిపిన పరిశీలన ఫలితములు 2019లో వెలువడినవి. పసితనమున ఒక్కసారి, గంటలోపు మత్తు పొందిన పిల్లలు అయిదేండ్ల వయస్సున బుద్ధిలో తక్కిన పిల్లలకు తీసిపోలేదని తేలినది. మెదడు ఆపరేషను గంటకు మించవచ్చును, అది నిజము. కాని తలలో నీటి ఒత్తిడి మెదడునకు చేయు చేటు కండ్లకు కట్టినది, తిరుగులేనిది. రెంటిని త్రాసులో వేసి చూచినప్పుడు ఏది మొగ్గునో చెప్పనవసరము లేదు.

దీనికి ఎదురుగా మరియొక అపోహ కలదు. పసిగుడ్డుకు నొప్పి తెలియదు, మత్తెందుకు అని కొందరందురు. ఒకప్పుడు వైద్యులలో కూడ ఈ నమ్మకముండి, శిశువులకు మత్తు చాలీచాలనంతగా ఇచ్చుచుండిరి. 1987లో ఆక్స్‌ఫర్డులో కన్వల్‌జీత్ ఆనంద్ మున్నగువారు ప్రకటించిన పరిశోధన, చాలినంత మత్తు పొందిన శిశువులే ఆపరేషనును బాగుగా తట్టుకొందురని చూపినది. నొప్పి బిడ్డకు తెలియును. చెప్పుకొనలేదు, అంతియే.

రెండు చెంచాల పాలు

ఇక మేము కండ్లార చూచిన సంగతి యొకటి చెప్పుదుము. మెట్ట ప్రాంతపు గ్రామమొకదానిలో అయిదు నెలల ఆడబిడ్డకు తల పెరుగుచున్నదని అంగన్‌వాడీ కార్యకర్త గుర్తించెను. ఇంటివారు మూడు వారములు తటపటాయించిరి. చివరకు ఆ వార్డు సభ్యురాలు స్వయముగా వెంట వచ్చి బిడ్డను ఆసుపత్రిలో చేర్పించెను. ఉదయము ఎనిమిది గంటలకు ఆపరేషను. రాత్రియే నర్సు వచ్చి ఏ పాలు ఎన్ని గంటలవరకు ఇవ్వవచ్చునో చెప్పిపోయినది.

ఉదయము మత్తు వైద్యురాలు వచ్చి, “పాపకు తెల్లవారాక ఏమైనా పట్టారా?” అని అడిగినది. తల్లి లేదన్నది. తండ్రి లేదన్నాడు. నాయనమ్మ మాటాడలేదు. వార్డు సభ్యురాలు ఆమె ముఖము చూచి మెల్లగా, “అత్తా, తెల్లారగట్ల పాప గుక్కపట్టి ఏడ్చింది. నువ్వు బయటికి ఎత్తుకెళ్ళాక ఏడుపు మానింది. ఏం పట్టావు?” అని అడిగెను.

ముసలామె కొంగు నోటికి అడ్డము పెట్టుకొని, “రెండు చెంచాల ఆవుపాలేనమ్మా. అట్టా ఏడుస్తుంటే నా కడుపు తరుక్కుపోయింది” అన్నది.

తండ్రి కోపముతో లేచెను. వైద్యురాలు అతనిని వారించి, “మామ్మగారూ, చెప్పి మంచిపని చేశారు. ఎన్నింటికి పట్టారో కూడా చెప్పండి” అని అడిగినది. అయిదింటికి అని తెలిసినది. ఆపరేషను పదకొండు గంటల తరువాతకు మార్చిరి. ఈలోగా బిడ్డ నీరసపడకుండ సెలైను పెట్టిరి. మధ్యాహ్నమునకు షంటు వేయుట ముగిసినది. సాయంకాలము బిడ్డ కండ్లు తెరచి తల్లిపాలు త్రాగినది.

ఆ రెండు చెంచాల సంగతి దాచినచో ఏమై యుండెడిది? మత్తులో మింగుట, దగ్గుట అను రక్షణలు పనిచేయవు. కడుపులోని పాలు పైకి తన్ని ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. పాలు, పులిసిన కడుపు రసము అక్కడ చేసెడి హాని ప్రాణాంతకము కావచ్చును. ప్రేమతో పట్టిన పాలు బిడ్డ ప్రాణము మీదికి వచ్చెడివి. ఆనాడు బిడ్డను కాపాడినవారిలో మేము మొదట లెక్కించునది ఆ వార్డు సభ్యురాలిని. ఆమె కసరలేదు, నిందింపలేదు, అడుగవలసిన రీతిగా అడిగినది. నాయనమ్మను తరువాత లెక్కింతుము. ఆమె నిజము చెప్పినది.

పంచాయతీ సభ్యులు చేయదగినవి

1. మీ గ్రామములోని అంగన్‌వాడీ కేంద్రమున తల కొలుచు టేపు ఉన్నదా, ప్రతి నెల బిడ్డల తల కొలత వ్రాయుచున్నారా అని విచారింపుడు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద 2013నుండి పిల్లలను పరీక్షించు వైద్య బృందములు అంగన్‌వాడీలకు, పాఠశాలలకు వచ్చుచున్నవి. వారు వచ్చు దినమును ఊరంతయు చాటింపు వేయించుడు.

2. అనుమానమున్న బిడ్డను ప్రాథమిక ఆరోగ్య కేంద్రము ద్వారా పెద్దాసుపత్రికి వెంటనే పంపుడు. ఖర్చునకు వెనుదీయువారికి ప్రభుత్వ ఆరోగ్య పథకముల సంగతి చెప్పుడు. ఆరోగ్యశ్రీ పథకము 2007లో ప్రారంభమైనది. ఇప్పుడును ఉభయ తెలుగు రాష్ట్రములలో ప్రభుత్వ పథకములు పేదలకు శస్త్రచికిత్సల వ్యయమును భరించుచున్నవి. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసికొన్నచో ఏ కాగితములు కావలెనో తెలుపును. కాగితములు ముందే సమకూర్చి ఇచ్చుట మీకు చిన్న పని, వారికి పెద్ద మేలు.

3. పస్తు నియమమును ఇంటిల్లిపాదికి చెప్పుడు, నాయనమ్మకు, అమ్మమ్మకు ముందుగా చెప్పుడు. సామాన్యముగా పోతపాలు, ఆవుపాలు, గేదెపాలు, గంజి, ఉగ్గు ఆపరేషనుకు 6 గంటల ముందు ఆపవలెను. తల్లిపాలు 4 గంటల ముందు, మంచినీరు 2 గంటల ముందు ఆపవలెను. కొన్ని ఆసుపత్రులలో తల్లిపాలకు 3 గంటలు, నీటికి 1 గంట అని చెప్పుదురు. బిడ్డ చేరిన ఆసుపత్రివారు చెప్పిన వేళయే మీకు ప్రమాణము. అంతకంటె ముందుగా మాన్పించి బిడ్డను మాడ్చవలదు, ఆ పిదప ఒక్క చెంచాయైనను పట్టవలదు. పొరపాటున పట్టినచో దాచవలదు.

4. మత్తు వైద్యునికి చెప్పవలసినవి ఒక కాగితముపై వ్రాయించి ఇచ్చి పంపుడు. బిడ్డ ఎన్ని నెలలకు పుట్టినది, పుట్టినప్పటి బరువు, జలుబు, దగ్గు, జ్వరము, మూర్ఛలు, వాడుచున్న మందులు, నాటుమందులు, ఇదివరకు ఇచ్చిన మత్తు, బంధువులలో ఎవరికైనను మత్తులో జరిగిన కీడు ఇందులో ఉండవలెను.

5. మిద్దెమీదనుండియో, మోటారు సైకిలుమీదనుండియో పడి తలకు దెబ్బ తగిలిన బిడ్డ విషయమున పస్తు గంటలు చూచుచు కూర్చుండరాదు. వెంటనే 108కు ఫోను చేయుడు. బిడ్డ చివర తిన్నది ఏమి, ఎన్ని గంటలకు అను సంగతి మాత్రము చెప్పి పంపుడు. నిండు కడుపుతో వచ్చిన బిడ్డకు మత్తునిచ్చు ప్రత్యేక పద్ధతి వైద్యులకు కలదు, వారికి ఆ సంగతి తెలియవలెను.

6. రక్తదాతల పట్టిక పంచాయతీ కార్యాలయమున ఉంచుడు.

7. ఆపరేషను అయి ఇంటికి వచ్చిన బిడ్డను మరువరాదు. షంటు మూసుకొనిపోవచ్చును, దానికి సూక్ష్మజీవులు పట్టవచ్చును. వాంతులు, మగత, జ్వరము, మాడు తిరిగి ఉబ్బుట కనిపించినచో పగలైనను రాత్రియైనను ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఆ బిడ్డకు మరల ఎప్పుడు మత్తు ఇవ్వవలసి వచ్చినను షంటు ఉన్నదని చెప్పవలెను.

8. అన్నిటికంటె మేలైనది రాకుండ చేయుట. గర్భము దాల్చుటకు కనీసము నెల ముందునుండి మొదటి మూడు నెలలు నిండువరకు స్త్రీ రోజునకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము తీసికొన్నచో, బిడ్డ వెన్ను, మెదడు సరిగా మూసుకొనని లోపములు చాలవరకు తప్పును. అట్టి బిడ్డను ఒకసారి కన్న తల్లులకు మరల ఆ లోపము రాకుండ ఫోలిక్ ఆమ్లము కాపాడునని 1991లో బ్రిటనులో వెలువడిన పరిశోధన నిరూపించినది. వారికి ఎక్కువ మోతాదు వైద్యుడు నిర్ణయింపవలెను. మూడవ నెలలో మాత్రలు మొదలుపెట్టినచో ఆలస్యమే, ఏలయన వెన్ను మూసుకొనుట మొదటి నెలలోనే ముగియును. క్రొత్తగా పెండ్లియైన ఆడపిల్లలకు ఈ మాట చేరవేయుటకు ఆశా కార్యకర్తకు మీరు అండగా నిలువుడు.

సభ్యులారా, సభ్యురాండ్రారా! ఆ రాత్రి అరుగుపై కూర్చున్న తండ్రి ప్రశ్నకు తిరిగి వత్తము. “మత్తు ఇస్తే మళ్ళీ లేస్తాడాండీ?” దీనికి మీరు చెప్పదగిన సమాధానము ఇది. “తగిన ఆసుపత్రికి, తగిన వేళకు తీసికొనిపోదము. వైద్యుడు చెప్పినట్లు పస్తుంచుదము. జరిగినది జరిగినట్లు వైద్యునికి చెప్పుదము. ఆ పైన బిడ్డను ఆయన చూచుకొనును. నీవు ఒంటరివి కావు, నేను వెంట వత్తును.”

ఈ సమాధానములో చివరి మాట అన్నిటికంటె విలువైనది. ఎంత గొప్ప ఆసుపత్రియు ఆ మాటను చెప్పలేదు. దానిని చెప్పగలవారు ఊరివారే, మీరే.